మూడుసార్లు ఊదిన ఊపిరి

పుదుచ్చేరి, పెద్ద బజారు
జూలై 6

చెల్లెలు అంబుజానికి, వీరాసామి రాసేది.

పైన ఆశీర్వాదం లేదేమని వెతక్కు. కావాలనే రాయలేదు. ఎనిమిదేళ్లుగా కడుపులో పెట్టుకున్నది కక్కడానికి కూర్చున్నాను, దీవించడానికి కాదు.

నీ మొగుడు దేవరాజన్ నా నాటుమందుల కొట్లో ముప్ఫై ఏళ్లు తక్కెడ పట్టాడు. ఒక్కరోజు పనివాడిలా చూడలేదు. కాఫీ వస్తే ముందు బావకే ఇమ్మనేవాణ్ణి. అలాంటి మనిషి ఎనిమిదేళ్ల కిందట ఆడి నెల శుక్రవారం నాడు, పదకొండుమంది చూస్తుండగా నా మణికట్టు పట్టుకున్నాడు.

నా పని ఏమిటో నీకు చెప్పాలా? చెబుతాను, మరిచిపోయినట్టున్నావు. మూడో నెల నిండిన బిడ్డని తల్లులు శుక్రవారం నా కొట్టుకి తెస్తారు. వస, కరక్కాయ, జాజికాయ, శొంఠి తల్లిపాలతో సానరాయి మీద అరగదీసి, చిటికెన వేలితో బిడ్డ నాలుక మీద రాస్తాను. ముఖం దగ్గరికి వంగి మూడుసార్లు ఊదుతాను. తాత అలాగే చేశాడు, నాయన అలాగే చేశాడు. అరవవాళ్లు నన్ను పేరు పెట్టి పిలవరు. కైరాసి తాత అంటారు. హస్తవాసి ఉన్నవాడు అని. నేను చదివింది లేదు, కట్టింది లేదు. నాకున్నది ఈ చెయ్యి.

ఆ చెయ్యి పట్టుకుని నీ మొగుడు ఏమన్నాడో తెలుసా?

"వద్దు బావా. ఆ దగ్గు ముందు చూపించుకో. బిడ్డ మీద ఊదబాకు."

ఆ తల్లి బిడ్డని కొంగులో చుట్టుకుని లేచిపోయింది. మిగతావాళ్లు నా వేలి వంక చూశారు. నేను "కొట్టు దిగు" అన్నాను. దిగాడు. మరుసటి రోజు చూస్తే తాత కాలం నాటి సానరాయి లేదు. ఎవరు తీసుకుపోయారో నాకు తెలియదా? వేరే రాయి దొరికి, దానికి పూజ చేయించేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అన్నాళ్లూ తల్లులు వచ్చి వెనక్కి పోయారు.

నాలుగేళ్ల కిందట అతను పోయాడని విని మీ వీధి చివర టీకొట్టు దాకా వచ్చాను. తప్పు నాదే బావా అని ఒక్క మాట అనకుండా పోయిన మనిషి గడప నేనెందుకు తొక్కాలి అనిపించింది. వెనక్కి తిరిగాను.

ఇప్పుడు ఆ జబ్బు నా ఇంట్లోకే వచ్చింది. సుధాకరన్ కూతురు ప్రవల్లిక పురిటికి వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. సెప్టెంబర్ 11కి మూడో నెల నిండుతుంది. నా మునిమనవరాలు. దాని నాలుక మీద నేను మందు పెట్టకూడదట. నా కొడుకు సుధాకరన్, నా కోడలు మహాలక్ష్మి కూడబలుక్కుని చెప్పారు. నాకు మూడు వారాలుగా కొంచెం దగ్గు ఉందట. పోయిన శుక్రవారం ఆఫీసు పిల్ల ఒకతె బిడ్డని తెచ్చి, "తాతా, సబ్బుతో చెయ్యి కడుక్కుంటారా" అంది. తరిమేశాను. సుధాకరన్ వీధిలోకి పరిగెత్తి ఆమెకి క్షమాపణ చెప్పి, నన్ను గల్లా దగ్గర నుంచి లేపి వెనక స్టూలు మీద కూర్చోబెట్టాడు. నా కొట్లో నన్ను.

నువ్వు రావాలి. నీ మొగుడు ఆ రోజు చేసింది తప్పని సుధాకరన్ ఎదుట చెప్పాలి. ఫోన్ చెయ్యకు, ఇంటి నిండా చెవులు. ఈ తెలుగు అక్షరాలు మనిద్దరికే నాయన పొట్లాల కాగితం మీద నేర్పాడు, ఇక్కడ ఎవరికీ రావు. ఉత్తరం విప్పినా బొమ్మలు చూసినట్టు చూసి పెట్టేస్తారు. కాబట్టి రాయి.

వీరాసామి

*

మురుంగపాక్కం
జూలై 15

అన్నకి, అంబుజం.

ఉత్తరం అందింది. నేను రాను. ఆయన తప్పు చేశాడని చెప్పను.

నీ దగ్గు మూడు వారాలన్నావు. సాయంత్రం ఒళ్లు వెచ్చబడుతోందా? రాత్రిళ్లు చెమట పడుతోందా? బరువు తగ్గావా? పెద్దాసుపత్రికి పోయి ఉమ్మి పరీక్షకి ఇవ్వు. ఎవరినీ తోడు అడగక్కర్లేదు, చీటీ రాసే చోట దగ్గు అని చెబితే వాళ్లే పంపుతారు.

అంతదాకా ప్రవల్లిక బిడ్డ ఉన్న గదిలోకి పోవద్దు. నా మాట విను.

సానరాయి సంగతి నువ్వనుకున్నట్టు కాదు. ఇంతకంటే రాయను.

మనవరాలు అభినయ మూడో తరగతి. ప్రత్యేక బడికి పోతోంది. కొడుకు గణేశన్, కోడలు మంగళ పనులకి పోతారు కాబట్టి సాయంత్రం నేనే దగ్గర కూర్చుంటాను.

అంబుజం

*

పుదుచ్చేరి
జూలై 27

అంబుజానికి.

న్యాయం అడిగితే జ్వరం అడుగుతావా? నువ్వు డాక్టరమ్మవి ఎప్పుడయ్యావు?

నా దగ్గు గురించి నాకు చెప్పకు. ఎనిమిదేళ్ల కిందట ఇంతకంటే పెద్ద దగ్గు వచ్చింది. నాలుగు నెలలు. మనిషిని సగం అయిపోయాను. సుధాకరన్ షుగర్ చూపిస్తానని ఆసుపత్రికి తీసుకుపోతే, అక్కడ ఛాతీకి ఫోటో తీశారు, చిన్న డబ్బా ఇచ్చి ఉమ్మమన్నారు. షుగర్‌కి ఉమ్మి ఎందుకో నాకు తెలియదు, ఉమ్మాను. అంతే. ఒక్క ఇంగ్లీషు మాత్ర మింగలేదు. అడ్డసరం లేహ్యం నేనే కట్టాను, మహాలక్ష్మి పొద్దున్నే పరగడుపున గోలీ చేసి ఇచ్చేది. ఆ ఏడు అడ్డసరం ఎంత చేదో. కానీ ఎలా పని చేసిందో తెలుసా? ఒంట్లో వేడంతా ఎర్రగా ఒంటేలులో కొట్టుకుపోయింది. ఆరు నెలలు ఎరుపే. బజారులో అందరికీ చెప్పాను. ఇప్పటికీ ఆ లేహ్యం అడిగి కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారు.

ఇలాంటి చేతిని కడుక్కోమంటారు.

మా ఇంటికి అప్పట్లో ఒక ఆవిడ వారం వారం వచ్చేది, పోలియో చుక్కల మనిషి. మహాలక్ష్మితో గుసగుసలాడి పోయేది. ఆవిడతోనే అన్నాను, నేను నాలుక తాకిన బిడ్డకి నీ చుక్కలు అక్కర్లేదమ్మా అని. నవ్వింది. ఇప్పుడు తెలుస్తోంది, అప్పటి నుంచే ఈ ఇంట్లో నన్ను చూసి నవ్వడం మొదలైంది.

నువ్వయినా మాట్లాడాలి. నా చేతి గురించి నీకు తెలియదా? అభినయ మూడో నెలలో దాన్ని నా ఒళ్లో పెట్టింది నువ్వే. దాని నాలుక మీద మందు రాసింది ఈ వేలే. దానికి పుట్టుచెవుడు ఉండడం దేవుడి పని, నా చేతి పని కాదు. చెవి పోయినా ఒళ్లు గట్టిగా ఉందంటే అది నా మందే.

కోపం రాసినా, పెద్దవాణ్ణి. ఆశీర్వాదం.

వీరాసామి

*

మురుంగపాక్కం
ఆగస్టు 9

అన్నా,

పుట్టుచెవుడు అని రాశావు. ఆ మాట దగ్గర ఉత్తరం మడిచి పెట్టేశాను. పది రోజులు ముట్టుకోలేదు. ఈ రోజు రాస్తున్నాను. కూర్చుని చదువు.

అది పుట్టుచెవుడు కాదు. అభినయకి వినపడేది. నాలుగో నెలలో ఆయన మొలకున్న తాళంచెవుల గుత్తి ఆడిస్తే తల తిప్పేది. నేను గిన్నె కింద పెడితే ఉలిక్కిపడేది. అయిదో నెలలో జ్వరం వచ్చింది. మెడ బిగుసుకుపోయింది. కళ్లు పైకి పోయాయి. పెద్దాసుపత్రిలో వెన్నులో నీళ్లు తీసి చూసి, టీబీ అన్నారు. మెదడు పొరకి పట్టిందట. పుట్టినప్పుడు టీబీ రాకుండా భుజానికి సూది వేయించాం, అయినా వచ్చింది. నలభై రోజులు ఆసుపత్రి, ఏడాది మందులు. ప్రాణం మిగిలింది, వినికిడి పోయింది. బిడ్డకి జ్వరం అని మాత్రమే నీకు కబురు చేశాం.

ఇంత చిన్నబిడ్డకి పెద్దవాళ్ల నుంచే వస్తుంది, ఇంట్లో ఎవరికి దగ్గు అని డాక్టరమ్మ అడిగింది. ఆయన, నేను, గణేశన్, మంగళ, నలుగురం ఉమ్మి ఇచ్చాం, ఫోటోలు తీయించుకున్నాం. నలుగురికీ ఏమీ లేదు. "మరి బిడ్డ ముఖానికి దగ్గరగా వచ్చిన వాళ్లు ఇంకెవరు?" అంది. ఆయన నా వంక చూశాడు. నేను నేల చూశాను.

దాన్ని నీ దగ్గరికి తెచ్చే రోజు మంగళ గుమ్మంలో అడ్డం నిలబడింది. "అత్తా, మీ అన్న దగ్గతా ఉండాడంటనే. తగ్గినాక పోదాంలే" అంది. "నీకేం తెలుసు మా అన్న చెయ్యి. మీ ఊళ్లో యాడుంది అట్లాంటి చెయ్యి" అన్నాను. బిడ్డని తెచ్చి నీ ఒళ్లో పడుకోబెట్టి కాళ్లు నేనే పట్టుకున్నాను. నువ్వు పక్కకి తిరిగి రెండుసార్లు దగ్గావు. తర్వాత వంగి మూడుసార్లు ఊదావు. నేను చూస్తూనే ఉన్నాను.

బస్సులో ఎవరి నుంచో కూడా వచ్చి ఉండొచ్చు, ఇదేనని తేల్చి చెప్పలేం అంది డాక్టరమ్మ. ఇంకో మాట కూడా అంది. ఇది చేతి నుంచి వచ్చే జబ్బు కాదట. గాలిలో వస్తుంది. కాబట్టి నీ చేతిలో ఏ దోషమూ లేదు అన్నా. ఊపిరిలో ఉంది.

ఆ శుక్రవారం ఆయన ఆసుపత్రి నుంచి తిన్నగా కొట్టుకి వచ్చాడు. అప్పటికి నీకు మూడుసార్లు చెప్పాడు దగ్గు చూపించుకోమని, నువ్వు నవ్వేశావు. లోపలికి వచ్చేసరికి ఇంకో బిడ్డ నీ ఒళ్లో ఉంది. పట్టుకున్నాడు. అసలు సంగతి ముఖాన చెప్పొచ్చు గదా అని నేనే అడిగాను. ఆయన అన్న మాట అలాగే రాస్తున్నాను. "ఆ మనిషికి ఆ చెయ్యి తప్ప ఏముందే అంబుజం. కోపం వస్తే నా మీద పడనీ. ఆ చేతి మీద నింద పడిందంటే ఇంక లేవడు."

ఆ సాయంత్రమే సుధాకరన్‌ని పిలిచి చెప్పాడు. షుగర్ అని నిన్ను తీసుకుపోయింది అందుకే. ఉమ్మిలో టీబీ అని వచ్చింది. సానరాయి సుధాకరనే తెచ్చి మాకు ఇచ్చాడు, రాయి ఉంటే నువ్వు ఆగవని. ఇప్పటికీ నా బియ్యం డబ్బా వెనకే ఉంది. నీ లేహ్యం చేదెందుకో, ఎరుపెందుకో మహాలక్ష్మిని అడుగు. వారం వారం వచ్చినావిడ పోలియో మనిషి కాదు.

నేను ఎందుకు చెప్పలేదంటావు. ఆయన వద్దన్నాడు కాబట్టి అని అనుకుంటూ వచ్చాను. అది సగమే. నీకు చెబితే, దాన్ని మోసుకొచ్చి నీ ముఖం కింద పెట్టింది నేనేనని కూడా చెప్పాలి. నువ్వు కోపంగా ఉన్నన్నాళ్లూ నాకు ఆ అవసరం రాలేదు.

ప్రవల్లిక బిడ్డ ఉన్న గదిలోకి పోవద్దని ఎందుకు రాశానో ఇప్పుడు తెలిసిందా.

అంబుజం

*

పుదుచ్చేరి
ఆగస్టు 24

అంబుజం,

నాలుగుసార్లు చదివాను. నాకు చదువు అంతంత మాత్రం కదా, తప్పు చదివానేమో అనుకున్నాను. నాలుగోసారి కూడా అదే ఉంది.

మహాలక్ష్మి వరండాలో బీన్స్ తరుగుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"ఆ ఏడు నా లేహ్యంలో ఏం కలిపినావు?"

కత్తిపీట ఆగింది. "ఏంది మామా ఇప్పుడు అడగతా ఉండారు?"

"ఏం కలిపినావు?"

"మాత్రలు. నూరి. ఆరు నెలలు, ఒక్కరోజు తప్పలా."

"నాకు చెప్పుంటే?"

"చెప్పుంటే మింగుతారా మీరు? మింగే మనిషైతే నేనెందుకు రోజూ నాలుగింటికి లేచి రోట్లో నూరేది? వారం వారం వచ్చిన ఆ నర్సమ్మకి తెలిసుంటే నన్ను చంపేసుండును. మీరే మింగతా ఉండారని ఆమెకి అబద్ధం చెప్పినా."

"ఎరుపు?"

"ఆ మాత్రకి అంతే మామా. అందరికీ ఎర్రగానే వస్తది. మీరు బజారంతా చెప్పుకుంటా ఉంటే, నేనూ ఆయనా లోపల తలుపేసుకుని ఏడ్చినామా నవ్వినామా మాకే తెలీదు."

ఇదీ సంగతి. ఎనిమిదేళ్లు నేను బజారులో చెప్పుకున్న గొప్ప అది. ఆ గొప్ప చూసి లేహ్యం కొనుక్కుపోయిన దగ్గు మనుషులు ఎంతమందో. వాళ్లకి మాత్రలు నూరి కలిపే కోడళ్లు ఉన్నారో లేదో.

రెండు రోజులు అన్నం నోట్లోకి పోలేదు. చెయ్యి ఎత్తితే నా చెయ్యిలాగా లేదు. దోషం చేతిలో లేదని రాశావు. దాన్ని పట్టుకుని కాసేపు ఊరట పడ్డానని చెబితే నువ్వు నన్ను చీదరించుకుంటావు. పడ్డాను. చెయ్యి మంచిదే, ఊపిరే చెడ్డది అని. ఊపిరి ఎవరిది?

తర్వాత లెక్క వేయడానికి కూర్చున్నాను. దగ్గు మొదలైన మాసి నెల నుంచి బావ నా మణికట్టు పట్టుకున్న ఆడి దాకా, నాలుగైదు నెలలు. శుక్రవారానికి ఇద్దరు ముగ్గురు. ఎంతమంది బిడ్డలు? ముఖాలు గుర్తు చేసుకుందామంటే ఒక్క ముఖం రాదు. నాకు నాలుకలే గుర్తున్నాయి. నేనెప్పుడూ ముఖాలు చూడలేదు.

ఒక్కతె గుర్తొచ్చింది. నెల్లితోపు మార్కెట్లో పూలమ్మే అంజలై. ఆ పంగుణిలో, దగ్గు మొదలైన మరుసటి నెలలోనే, కొడుకుని తెచ్చింది. టౌన్ బస్సెక్కి పోయాను. పిల్లవాడు ఏడని అడగాలి, ఏం జవాబు వస్తుందో. మార్కెట్ చివర నిలబడి ఉంటే ఆమే చూసి పిలిచింది.

"కైరాసి తాతా, ఎండలో ఏంది అట్ల నిలబడి ఉండావు? రా, కూచో."

"నీ కొడుకు..."

"వాడా, అదిగో, కట్టమీద నుంచి దూకతా ఉండాడు చూడు, కోతి. నీ చెయ్యి పడిన బిడ్డ గదా, జలుబు కూడా రాదు వాడికి."

చూశాను. దూకుతున్నాడు. వాడి పేరు ఆమె పిలిస్తే వెనక్కి తిరిగాడు. వినపడింది. అక్కడే పూలబుట్ట పక్కన కూర్చున్నాను.

ఆమె ఏం చేసిందో తెలుసా? బుట్ట వెనక గుడ్డలో పడుకున్న రెండో బిడ్డని ఎత్తి నా వైపు చాచింది. "దీనికి ఇంకా పెట్టలా తాతా. నువ్వే వచ్చినావు, దేవుడు పంపినట్టు. మందు లేకపోతే పోయె, ఊరికే నాలుక మీద వేలు పెట్టి ఊది పో."

నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాను. దొంగ పట్టుబడ్డట్టు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకు దగ్గమ్మా, దూరంగా ఉంచు" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. అవమానపడినట్టు ముఖం పెట్టింది. పూలమ్మే దాని బిడ్డని తాకనంటున్నాననుకుంది. ఎనిమిదేళ్ల కిందట నా ముఖం కూడా బావకి అలాగే కనపడి ఉంటుంది.

మిగతా వాళ్లని ఎక్కడ వెతకాలి?

అక్కడి నుంచే పెద్దాసుపత్రికి పోయాను. దగ్గు అని చెప్పాను. డబ్బా ఇచ్చారు. ఈసారి ఎందుకు ఉమ్ముతున్నానో తెలిసి ఉమ్మాను. పాత సంగతి కూడా చెప్పాను, ఎనిమిదేళ్ల కిందట టీబీ, ఆరు నెలల మాత్రలు అని. ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. చీటీ రాసే పిల్ల తల కూడా ఎత్తలేదు. "సరి తాతా, అక్కడ కూచోండి" అంది. నేను ఊళ్లో తలెత్తుకోలేనని మీరందరూ ఎనిమిదేళ్లు దాచిన మాట అది.

జవాబు వచ్చేదాకా మేడ మీద గదిలో పడుకుంటున్నాను. నేనే పోయాను, ఎవరూ పొమ్మనలేదు.

అభినయ గురించి ఏం రాయాలో తెలియడం లేదు. దాని చెవులు నేను తీశాను. ఇంకోలా రాయడం నాకు రాదు. నువ్వు దాన్ని తెచ్చావు, నిజమే. నమ్మి తెచ్చావు. నేను దగ్గుతున్నానని నాకు తెలుసు. నీ వంతుకి తోడు నా వంతు కూడా నెత్తిన వేసుకోకు.

బావ ఫోటో ఇంట్లో ఉంటే దాని ముందు ఈ ఉత్తరం ఒక్కసారి పెట్టి తీయి.

అన్న

*

మురుంగపాక్కం
సెప్టెంబర్ 3

అన్నకి నమస్కారాలు.

నువ్వూ నేనూ ఒక తప్పు చేశాం. ఈ అక్షరాలు ఇద్దరికే వచ్చు అనుకున్నాం.

సాయంత్రాలు దాని దగ్గర నేనే కూర్చుంటానని రాశాను కదా, మూడేళ్లుగా అంతే. కూర్చుని ఏం చేస్తాను? మాటలు అందవు. దాని చేతి సైగలు నాకు సగమే వచ్చు. నాయన మనకి నేర్పినట్టు పొట్లాల కాగితం మీద అక్షరాలు నేర్పాను. బడిలో తమిళం, ఇంట్లో ఇది. నాకూ దానికీ ఇదే మాట అయిపోయింది. నీకు ఈ సంగతి రాయాలని తట్టలేదు.

నీ ఉత్తరం పోస్టుమనిషి దాని చేతికి ఇచ్చాడు. నేను గుడికి పోయి ఉన్నాను. వచ్చేసరికి గడప మీద కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ చదువుతోంది. లాక్కోబోయాను, ఇవ్వలేదు. మూడు రోజులు పట్టింది మొత్తం చదవడానికి. తెలియని మాటలు నన్నే అడిగింది. ఊపిరి అంటే ఏమిటని అడిగింది. దాని చెయ్యి తీసి నా ముక్కు కింద పెట్టుకున్నాను.

చివరికి ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. "ఈ తాత నా చెవులు తీశాడంట. మరి ఇక్కడికి ఎందుకు రాడు?"

జవాబు నేను రాయలేకపోయాను. ఆయన ఫోటో ముందు నీ ఉత్తరం పెట్టాను. దీని కాగితం కూడా పక్కనే పెట్టాను.

ఈ జవాబు నీదే. పరీక్ష ఫలితం కూడా రాయి.

అంబుజం

*

పుదుచ్చేరి, పెద్ద బజారు
సెప్టెంబర్ 12

చిరంజీవి అభినయకి, మీ అవ్వ అన్న వీరాసామి ఆశీర్వాదం.

నా రాత బాగుండదు. మీ అవ్వ రాత బాగుంటుంది, చిన్నప్పుడూ అంతే. అర్థం కాకపోతే అడుగు.

ఎందుకు రాను అని అడిగావు. నిజం రాస్తాను. మొదట నాకు పొగరు ఉండింది, అందుకని రాలేదు. ఇప్పుడు భయం, అందుకని రావడం లేదు.

నువ్వు చదివింది సరిగానే చదివావు. నువ్వు మూడు నెలల బిడ్డగా ఉన్నప్పుడు నేను నీ ముఖం మీద మూడుసార్లు ఊదాను. నా ఒంట్లో జబ్బు ఉండింది. దగ్గు చూపించుకోమని మీ తాత చెప్పాడు. నేను వినలేదు. నా చెవులు బాగానే ఉన్నాయి, అయినా వినలేదు. డాక్టర్లు నా వల్ల అయ్యుండొచ్చు అంటారు, వాళ్లు అలాగే అనాలి. నేను అవును అంటున్నాను.

మీ తాత నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆ రోజు నా ఒళ్లో ఉన్న బిడ్డ ఎవరో నాకు తెలియదు. ఎక్కడో ఉంటుంది, వినపడుతూ ఉంటుంది. మీ తాతని నేను కొట్టు దింపాను. అది కూడా నీకు తెలియాలి.

నా పరీక్ష వచ్చింది. ఛాతీలో పాత మచ్చ ఉంది, కొత్తగా జబ్బు లేదు. ఈ దగ్గు కొట్లో మిరియాలు, శొంఠి దుమ్ము వల్లట. ఎవరి దగ్గరికైనా పోవచ్చని రాసిచ్చారు. ఆ చీటీ చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, అడిగినా అడక్కపోయినా చూపిస్తున్నాను.

నిన్న మా ఇంట్లో ప్రవల్లిక బిడ్డకి మూడో నెల నిండింది. మహాలక్ష్మి తనే బిడ్డని తెచ్చింది. "చేతులు కడుక్కోండి మామా. ఊదకుండా, మీరే పెట్టండి" అంది. రెండు నెలలుగా నేను కొట్లాడింది దీనికే. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను. బిడ్డని ఒళ్లో పడుకోబెట్టారు. ఈసారి ముఖం చూశాను. మొలకున్న తాళంచెవులు తీసి పక్కన ఆడించాను. తల ఇటు తిప్పింది. ఇంకోవైపు ఆడించాను. అటు తిప్పింది.

బిడ్డని తల్లికి ఇచ్చేసి లేచాను. వేలు పెట్టలేదు. ఇక ఏ బిడ్డకీ పెట్టను. నిన్న శుక్రవారమే కదా, కొట్టుకి వచ్చిన తల్లులకీ చెప్పేశాను. కొందరు తిట్టారు. ఒకావిడ ఏడ్చింది. కొట్టు ముందు చెయ్యి కడుక్కోవడానికి కుళాయి పెట్టించాను, మొదట నేనే కడుక్కుంటాను, వచ్చినవాళ్లు చూసేట్టు. దగ్గుతో వచ్చినవాడికి లేహ్యం అమ్మడం లేదు. ముందు ఉమ్మి పరీక్ష చీటీ తెమ్మంటున్నాను. బేరం సగం పోయింది. సుధాకరన్ ఏమీ అనడం లేదు.

మీ ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఒక రాయి ఉంది. అది నాకు వద్దు. నువ్వు వక్కలు కొట్టుకో, అక్షరాలు దిద్దుకో, నీ ఇష్టం.

ఇప్పుడు నేను అడిగేది. మీ వీధి చివర టీకొట్టు ఉంది. నాలుగేళ్ల కిందట మీ తాత పోయిన రోజు అక్కడి దాకా వచ్చి వెనక్కి పోయినవాణ్ణి. వచ్చే ఆదివారం, సెప్టెంబర్ 20, పొద్దున పది గంటలకి మళ్లీ అక్కడే ఉంటాను. నువ్వు రమ్మంటే అక్కడి నుంచి మీ గడప దాకా నడుస్తాను. లోపలికి రాను, గడప బయట కూర్చుంటాను. నువ్వు నన్ను తిట్టాలనుకుంటే సైగలతో తిట్టు, అర్థం కాకపోతే మీ అవ్వ చెబుతుంది. వద్దంటే అసలు బస్సే ఎక్కను. ఇంకోసారి అడగను.

జవాబు నువ్వే రాయాలి. మీ అవ్వకి నా మీద జాలి ఉంది, ఆ చేతిరాత చెల్లదు. మీ నాన్న, అమ్మ రాసినా చెల్లదు. నీ అక్షరాలు నాకు తెలియదు గాని, చూస్తే పోల్చుకుంటాను, మా నాయన నేర్పిన వంపులే ఉంటాయి.

శనివారం 19వ తేదీ సాయంత్రం పోస్టుమనిషి మా వీధి దాటిపోయే లోపల నీ జవాబు నా చేతికి రావాలి.

వీరాసామి తాత